స్మార్ట్ ఏరేషన్ అగ్రిమెంట్‌లో ‘సిస్టమ్’ అంటే ఎక్కడిదాకా?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: కాళ్ల మండలంలో నలుగురు రైతులు కలిసి ఎనిమిది వనామీ రొయ్యల చెరువులకు స్మార్ట్ ఏరేషన్ పెట్టించుకుంటున్నారు. చెరువులో డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) కొలిచే సెన్సర్, గట్టు మీద ప్యానెల్, ఫోన్‌లో యాప్ ఉంటాయి. ఆక్సిజన్ పడిపోతే నీళ్లకి గాలి కలిపే ఏరేటర్లు వాటంతటవే ఆన్ అవ్వాలి. కంపెనీ పంపిన మూడు పేజీల అగ్రిమెంట్‌లో “స్మార్ట్ ఏరేషన్ సిస్టమ్‌ను సంబంధిత ఉపకరణాలతో సహా సరఫరా చేసి అమర్చగలము, సిస్టమ్‌కు ఒక సంవత్సరం వారంటీ” అని ఉంది. వెనకాల కొటేషన్ జత చేశారు. ఇది చాలా, లేక ఒక్కో పార్టుకీ నిర్వచనం రాయించుకోవాలా అని అడిగారు.

చాలదండి. అలాగని ప్రతి నట్టుకీ బోల్టుకీ నిర్వచనం అక్కర్లేదు. ఒక్కో భాగం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో రాసుకుంటే ముప్పాతిక వంతు గొడవ తప్పుతుంది. ఏ భాగం ఎవరిదన్న తగువు భాగాల మధ్యలో రాదు, అవి కలిసే చోట వస్తుంది.

నేను భీమవరం, పాలకొల్లు చుట్టుపక్కల ఐస్ ప్లాంట్లకీ, రైస్ మిల్లులకీ, రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్లకీ ఎలక్ట్రికల్, ఇన్‌స్ట్రుమెంటేషన్ పనులు చూస్తూ, వాటి కొనుగోలు అగ్రిమెంట్లు దగ్గరుండి రాయించేవాణ్ని. లాయర్ని కాను. సంతకానికి ముందు లాయర్‌కి చూపించండి. కాకపోతే ఆయనకి సెక్షన్లు తెలుస్తాయి గానీ, తెల్లవారుజామున చెరువు దగ్గర ఏం జరుగుతుందో తెలియదు. అది మీరే చెప్పాలి.

ముందు కొటేషన్ సంగతి. అది దేనికి ఎంత బిల్లు వేస్తారో చెబుతుంది, అంతే. “డీఓ సెన్సర్ – 8, కంట్రోలర్ – 4, ఇన్‌స్టలేషన్ – 1 లాట్” అని ఉంటుంది. సెన్సర్ నుంచి కంట్రోలర్ దాకా కేబుల్ ఎవరిది? సెన్సర్‌ని నీళ్లలో నిలబెట్టే ఫ్లోటు ఎవరిది? ఆ ‘లాట్’లో ఏముంది? పెళ్లి భోజనాలకి ప్లేటు లెక్క మాట్లాడుకుని, నీళ్ల బాటిళ్లూ అరిటాకులూ ఎవరివో మాట్లాడుకోనట్టు ఉంటుంది ఇది. అక్కడైతే ఎవరో ఒకరు బండేసుకుని వెళ్లి తెస్తారు. ఇక్కడ పంట పోతుంది.

చట్టం ఏమంటుందో కూడా తెలుసుకోండి, అవతలివాళ్లతో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది. భారత కాంట్రాక్టు చట్టం, 1872లో 29వ సెక్షన్ ప్రకారం అర్థం నిశ్చయంగా లేని, నిశ్చయించే వీలు కూడా లేని ఒప్పందం చెల్లదు. దాని కింద ఇచ్చిన ఉదాహరణలు మన కోనసీమ వాళ్ల కోసం రాశారా అనిపిస్తాయి. ఒకాయన వంద టన్నుల నూనె అమ్ముతానని ఒప్పుకున్నాడు. ఏ నూనో తేల్చుకునే ఆధారం ఎక్కడా లేదు, కాబట్టి ఒప్పందం చెల్లదు. అదే ఆయన కొబ్బరినూనె మాత్రమే అమ్మే వ్యాపారి అయితే, ఆ వ్యాపారమే అర్థం చెప్పేస్తుంది. అది వంద టన్నుల కొబ్బరినూనెకి ఒప్పందం అవుతుంది.

మీ అగ్రిమెంట్ చెల్లకుండా పోతుందని నా భయం కాదు. కంపెనీ చేసే వ్యాపారాన్నీ కొటేషన్‌నీ బట్టి కోర్టు ఏదో ఒక అర్థం తీస్తుంది. ఆ అర్థం మీరు మనసులో అనుకున్నదే అవుతుందన్న హామీ ఏమీ లేదు. సేల్స్ అబ్బాయి గట్టు మీద నిలబడి “అన్నీ మేమే చూసుకుంటాం సార్” అన్న మాట అప్పుడు పెద్దగా పనికి రాదు. భారతీయ సాక్ష్య అధినియమం, 2023లో 94, 95 సెక్షన్లు ఉన్నాయి, పాత సాక్ష్య చట్టంలో ఇవే 91, 92. రాతలో పెట్టుకున్న ఒప్పందాన్ని కాదంటూనో, దానికి కొత్తవి కలుపుతూనో చెప్పే నోటిమాటను, కొన్ని మినహాయింపులు తప్ప, అవి ఒప్పుకోవు. పైగా ఇలాంటి అగ్రిమెంట్ల చివర “ఇందులో ఉన్నదే పూర్తి ఒప్పందం, ఇంతకుముందు జరిగిన సంప్రదింపులు వర్తించవు” అని ఒక లైను ఉంటుంది. మీ దాంట్లోనూ ఉండే ఉంటుంది, చూడండి. వాట్సాప్‌లో వాళ్లు ఒప్పుకున్నవి ఏమైనా ఉంటే ఇప్పుడే అనుబంధంలోకి ఎక్కించండి.

ఇక అసలు పని. కాగితం మీద రాయడానికి ముందు బొమ్మ గీయండి. అందంగా ఉండక్కర్లేదు. ఒక చెరువు, అందులో ప్రోబ్ (సెన్సర్‌లో నీళ్లలో మునిగి ఉండే భాగం), కేబుల్, గట్టు మీద ప్యానెల్, దాన్నుంచి ఇప్పటికే ఉన్న మీ స్టార్టర్లకి కంట్రోల్ వైరు, స్టార్టర్ల నుంచి ఏరేటర్లకి పవర్ కేబుల్, మరో పక్క మీటరు, ట్రాన్స్‌ఫార్మర్, జనరేటర్. పైన ఒక మబ్బు బొమ్మ వేసి సర్వర్ అని రాయండి, దాని పక్కన మీ ఫోన్. ఇప్పుడు ఎర్ర పెన్నుతో కంపెనీ బాధ్యత ఎక్కడెక్కడ ఆగుతుందో అడ్డగీతలు గీయండి. పెద్ద ప్లాంట్ల కాంట్రాక్టుల్లో వీటిని టెర్మినల్ పాయింట్లు అంటారు. ఆ బొమ్మ మీద ఇరుపక్షాలూ సంతకం చేసి అగ్రిమెంట్‌కి జత చేస్తే, అదే సగం నిర్వచనాల పని చేస్తుంది.

ఈ అడ్డగీతలకి ఎందుకింత ప్రాముఖ్యం ఇస్తున్నానో చెప్పాలి. నరసాపురం వైపు ఒక ఫారంలో నేను మధ్యవర్తిగా కూర్చున్న గొడవ ఒకటి ఉంది. తెల్లవారుజామున డీఓ పడిపోయింది, ఒక చెరువులో ఏరేటర్లు తిరగలేదు, రొయ్య తేలింది. సప్లయర్ ల్యాప్‌టాప్ తెరిచి, ఫలానా టైముకి తమ ప్యానెల్‌లోని స్విచ్, అంటే రిలే, కమాండ్ ఇచ్చిందని లాగ్ చూపించాడు. అది నిజమే. స్టార్టర్ బిగించిన ఎలక్ట్రీషియన్ వచ్చి, చేత్తో బటన్ నొక్కి స్టార్టర్ పనిచేస్తోందని చూపించాడు. అదీ నిజమే. ఇద్దరి మధ్యా గట్టు వెంబడి కంట్రోల్ వైరు ఉంది. తవ్వి చూస్తే ఒకచోట జాయింటు, దాని మీద చుట్టిన నల్ల టేపు ఊడిపోయి ఉంది, ఒక కోరు ఎలుక కొరికేసింది. ఆ వైరు కొటేషన్‌లో లేదు, ఎలక్ట్రీషియన్ బిల్లులోనూ లేదు. పని జరిగిన రోజు అక్కడ పడి ఉన్న ముక్కలు కలిపి ఎవరో లాగేశారు. అగ్రిమెంట్‌లో అటు చివరకీ ఇటు చివరకీ పేర్లున్నాయి, మధ్యలో వైరుకి మాత్రం యజమాని లేడు. నష్టం రైతు మీదే పడింది.

అందుకని ప్యానెల్‌కి నిర్వచనం ఇలా రాయించండి:

“‘కంట్రోల్ ప్యానెల్’ అంటే గట్టు మీద అమర్చే బాక్సు, అందులోని కంట్రోలర్, రిలేలు, పవర్ సప్లై, సర్జ్ ప్రొటెక్షన్, మోడెం, కంట్రోలర్‌లోని ఫర్మ్‌వేర్, ప్యానెల్ నుంచి ఏరేటర్ స్టార్టర్ల దాకా వేసే కంట్రోల్ కేబుల్ కలిపి. ఇది ఒకవైపు డీఓ సెన్సర్ యూనిట్ కేబుల్ వచ్చి చేరే టెర్మినల్ దగ్గర మొదలవుతుంది. రెండోవైపు కంట్రోల్ కేబుల్ స్టార్టర్ టెర్మినల్‌కు బిగించిన చోట ముగుస్తుంది. ఆ బిగింపు కూడా కంట్రోల్ ప్యానెల్‌లో భాగమే.”

చివరి వాక్యం వదలకండి. జాయింటు ఎవరిదో చెప్పకపోతే గీత గీసి లాభం లేదు.

సిస్టమ్ మొత్తానికి నిర్వచనం వేరే రకంగా ఉండాలి. భాగాల నిర్వచనాలు బిగుతుగా ఉండాలి, సిస్టమ్ నిర్వచనం మాత్రం కాస్త వలలా పట్టాలి. నేనైతే ఇలా రాయిస్తాను:

“‘సిస్టమ్’ అంటే అనుబంధం–1లో పేర్కొన్న భాగాలన్నీ, వాటిని ఒకదానితో ఒకటి కలిపే కేబుళ్లు, పైపులు, గ్లాండులు, జంక్షన్ బాక్సులు, స్టాండ్లు కలిపి. అనుబంధం–1లో పేరు లేకపోయినా, అనుబంధం–2లో రాసిన పనితీరు రావడానికి అవసరమైన వస్తువేదైనా సిస్టమ్‌లో భాగంగానే లెక్క, దానికి అదనపు ధర ఉండదు. అనుబంధం–3లో ‘కొనుగోలుదారు ఏర్పాట్లు’గా రాసినవి సిస్టమ్‌లో భాగం కావు.”

రెండో వాక్యం దగ్గర కంపెనీ వాళ్లు ఆగుతారు. “ఇలా అయితే మీరు రేపు ట్రాన్స్‌ఫార్మర్ కూడా అడుగుతారు” అంటారు. వాళ్ల భయంలో న్యాయం ఉంది. అందుకే మూడో వాక్యం. మూడు ఫేజుల సప్లై, జనరేటర్, ఇప్పటికే ఉన్న స్టార్టర్లు, ఏరేటర్లు, ఎర్తింగ్ పిట్ లాంటివి మీవైతే అనుబంధం–3లో నిజాయితీగా రాసేయండి. అందులో లేనిదంతా వాళ్లది. ఈ బేరం చాలామంది సప్లయర్లు ఒప్పుకుంటారు, ఎందుకంటే వాళ్లకీ లెక్క తేలుతుంది.

‘అంటే’, ‘సహా’ అన్న రెండు మాటలు వాడేచోట జాగ్రత్త. “అంటే ఇవి” అని రాస్తే ఆ పట్టికతో తలుపు మూసుకున్నట్టే. “ఇవి సహా” అని రాస్తే తెరిచి ఉంటుంది. మీకు రావలసినవాటికి ‘సహా’ బాగుంటుంది, వారంటీ నుంచి మినహాయించేవాటికి ‘అంటే’ ఉండాలి. కంపెనీ డ్రాఫ్టుల్లో ఇది సరిగ్గా తిరగబడి ఉంటుంది.

డీఓ సెన్సర్ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుదాం. మొత్తం డబ్బు పెడుతున్నది దాని మాట నమ్మే. ఈ సెన్సర్లలో ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి పొర, లోపల ద్రవం ఉండేది, పొర చిరిగినా ద్రవం అయిపోయినా మార్చాలి. రెండోది ఆప్టికల్, దాని కొసన ఒక క్యాప్ ఉంటుంది, దానికీ ఆయుష్షు ఉంటుంది గానీ పొర రకం కంటే బాధ తక్కువ. ఏ రకమైనా మన చెరువుల్లో నాచూ జిగురూ పట్టి రీడింగ్ తప్పడం మామూలే. కాబట్టి నిర్వచనంలో రకం రాయాలి, క్యాప్ రాయాలి, తుడిచే బ్రష్షో వైపరో ఉంటే అదీ రాయాలి. ప్రోబ్ నుంచి ప్యానెల్ టెర్మినల్ దాకా కేబుల్, ఫ్లోటు, బిగించే క్లాంపు కూడా ఇందులోకే రావాలి.

ఉప్పు సంగతి చాలామంది మర్చిపోతారు. నీళ్లలో ఉప్పు పెరిగేకొద్దీ ఆక్సిజన్ కరిగే శక్తి తగ్గుతుంది. 30 డిగ్రీల దగ్గర మంచినీళ్లు లీటరుకి సుమారు 7.5 మిల్లీగ్రాములు పట్టుకుంటే, సముద్రపు నీళ్లు 6కి కాస్త పైన మాత్రమే పట్టుకుంటాయి. సెన్సర్ మిల్లీగ్రాముల్లో అంకె చూపించాలంటే దానికి ఉప్పుశాతం తెలియాలి. ఉప్పుటేరు నీళ్లు వేసవిలో ఒకలా, వానాకాలంలో ఒకలా ఉంటాయని మీకు నేను చెప్పక్కర్లేదు. ఉప్పుశాతాన్ని మీరు ఎప్పటికప్పుడు కొలిచి యాప్‌లో కొట్టాలా, లేక దానికి వేరే సెన్సర్ సిస్టమ్‌లో భాగమా? ఇది నిర్వచనంలో తేలాలి. తేలకపోతే సీజన్ మారాక రీడింగ్ తప్పినప్పుడు “సెట్టింగ్ మీరు మార్చలేదు” అంటారు.

‘కన్స్యూమబుల్స్’ అన్న మాట కనిపిస్తే అక్కడ ఆగి రెండుసార్లు చదవండి. “వారంటీ కన్స్యూమబుల్స్‌కు వర్తించదు” అని రాసి, అవేమిటో రాయరు. అప్పుడు పాడైన ప్రతిదీ కన్స్యూమబులే అయిపోతుంది. క్యాప్, పొర, ఫ్యూజు, బ్యాటరీ, ఒక్కోసారి కేబుల్ కనెక్టర్ కూడా. “‘కన్స్యూమబుల్స్’ అంటే అనుబంధం–4లో పేర్కొన్నవి మాత్రమే” అని మూసేయండి. ఆ పట్టికలో ఒక్కోదానికీ ఎదురుగా కనీసం ఎన్ని నెలలు రావాలో, కొత్తది ఎంత ధరకి, ఎన్నేళ్లపాటు ఇస్తారో రాయించండి. ఆ గడువుకి ముందే పోతే అది కన్స్యూమబుల్ కాదు, లోపం ఉన్న పార్టు.

కంపెనీ పేరు, మోడల్ నంబరు రాస్తే చాలనుకుంటారు. రాయాలి కూడా. కానీ అక్కడో మడత ఉంది. వస్తువుల అమ్మకం చట్టం, 1930లో 16వ సెక్షన్ ప్రకారం, మీరు ఏ పనికి కొంటున్నారో అమ్మేవాడికి తెలియజేసి, అతని నైపుణ్యం మీద ఆధారపడుతున్నారని తెలిసేలా ఉంటే, ఆ వస్తువు ఆ పనికి తగినట్టు ఉండాలన్న షరతు రాయకపోయినా ఉన్నట్టే. అయితే ఫలానా బ్రాండు వస్తువే కావాలని పేరుతో అడిగి కొంటే ఆ రక్షణ ఉండదని అదే సెక్షన్‌లో ఉంది. కాబట్టి ఒట్టి మోడల్ నంబరు దగ్గర ఆగొద్దు. “కొనుగోలుదారు వనామీ చెరువుల్లో, అనుబంధం–2లోని ఉప్పుశాతం, ఉష్ణోగ్రతల మధ్య, రాత్రింబవళ్లు నిరంతరం వాడేందుకు తగినవిగా సప్లయర్ ఎంపిక చేసిన…” అని ముందు పెట్టి, తర్వాత మోడల్ రాయండి. ఎంపిక చేసింది ఎవరో ఆ వాక్యమే చెబుతుంది. “లేదా దానికి సమానమైనది” అని వాళ్లు చేరిస్తే, సమానమో కాదో మీరు రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే అని చేర్చండి.

బాక్సు గురించి కూడా ఒక మాట. ఐపీ65 అని రాసి ఉంటే దుమ్ము దూరదని, నీటి ధార కొట్టినా తట్టుకుంటుందని అర్థం. ఉప్పుగాలికి తుప్పు పట్టదని కాదు. ఆ అంకెలు తుప్పు గురించి ఏమీ చెప్పవు. బాక్సు దేనితో చేసిందో, బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీల్ (ఎస్‌ఎస్) 304వో 316వో విడిగా రాయాలి. సముద్రం దగ్గర 316 నయం. నీళ్లలో మునిగి ఉండే ప్రోబ్‌కి ఐపీ68 అడగండి, ఎంత లోతున ఎంతసేపు అన్నది తయారీదారు చెప్పిన లెక్కతో సహా.

ఇప్పటిదాకా వస్తువులు. కంటికి కనపడనివాటి దగ్గరే రైతులు ఎక్కువ మోసపోతున్నారని నా అభిప్రాయం. యాప్‌లో ఏరేటర్ బొమ్మ పచ్చగా మారి ‘ఆన్’ అని వస్తుంది. ఆన్ అంటే ఏమిటి? చాలా చవక రకాల్లో, ప్యానెల్ కమాండ్ పంపితే చాలు, పచ్చరంగు వచ్చేస్తుంది. మోటారు తిరిగిందో లేదో దానికి తెలియదు. ఫేజు పోయి ఉండొచ్చు, ఓవర్‌లోడ్ రిలే ట్రిప్ అయి ఉండొచ్చు, బెల్టో గేరుబాక్సో పోయి ఉండొచ్చు. మోటారు లైనుకి సీటీ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) పెట్టి కరెంట్ కొలిస్తే ఇందులో చాలావరకు దొరుకుతుంది. మీ కొటేషన్‌లో సీటీలు ఉన్నాయా? లేకపోతే మీరు కొంటున్నది కమాండ్ పంపే యంత్రాన్ని మాత్రమే. అనుబంధం–2లో ఇలా రాయించండి: “‘ఏరేటర్ ఆన్’ అంటే కమాండ్ వెళ్లడం కాదు, ఆ మోటారు మూడు ఫేజుల్లోనూ కరెంట్ నిర్ణీత పరిధిలో ఉన్నట్టు కొలిచి నిర్ధారించిన స్థితి.” ఈ ఒక్క వాక్యంతో సీటీలు వాటంతటవే సిస్టమ్‌లోకి వచ్చేస్తాయి, ఇందాకటి వల వాక్యం ఉంది కదా.

‘అలర్ట్’ కూడా అంతే. తెల్లవారుజామున మూడింటికి యాప్‌లో నోటిఫికేషన్ వస్తే కాపలా కుర్రాడు లేవడు. ఫోన్ కాల్ రావాలా, మొదటివాడు ఎత్తకపోతే రెండో నంబరుకి వెళ్లాలా, గట్టు మీద సైరన్ మోగాలా? ‘రియల్ టైమ్’ అంటే ఎన్ని నిమిషాలకో రీడింగ్? బ్రోషర్లలో ఈ మాటలు ఉచితంగా ఇస్తారు. అగ్రిమెంట్‌లో వాటికి అంకె అడిగితే అప్పుడు తెలుస్తుంది అసలు సంగతి.

సాఫ్ట్‌వేర్‌ని మూడు ముక్కలుగా విడదీసి నిర్వచించండి. కంట్రోలర్ లోపల ఉండే ఫర్మ్‌వేర్ ప్యానెల్‌లో భాగం, ప్యానెల్ వారంటీ దానికీ వర్తించాలి. యాప్ ఒకటి. కంపెనీ సర్వర్ మీద నడిచేది ఇంకొకటి. యాప్, సర్వర్ మీరు కొనుక్కోవడం లేదు, వాడుకునే లైసెన్సు తీసుకుంటున్నారు. కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం హక్కు బదిలీ కావాలంటే రాతపూర్వకంగా ఉండాలి, కాలం రాయకపోతే ఐదేళ్లకని లెక్క. మీకు హక్కు బదిలీ అక్కర్లేదు. ఎన్నేళ్లు వాడుకోవచ్చో, ఆ తర్వాత ఏడాదికి ఎంత కట్టాలో తేలితే చాలు. మొదటి ఏడాది ఫ్రీ అని చెప్పి, రెండో ఏడాది రేటు చెప్పని అగ్రిమెంట్ మీద సంతకం పెట్టకండి.

దీనికంటే ముఖ్యమైనది, నెట్ లేకపోయినా ప్యానెల్ పనిచేయాలి. డీఓ సెట్‌పాయింట్, అంటే ఎంతకు పడిపోతే ఏరేటర్లు ఆన్ కావాలన్న అంకె, ప్యానెల్‌లోనే ఉండాలి, టవర్ పోయినా, కంపెనీ సర్వర్ ఆగినా, అసలు కంపెనీయే మూసేసినా ఏరేటర్లు ఆన్ అవ్వాలి. సెన్సర్ నుంచి సిగ్నల్ రాకపోతే ఏరేటర్లు ఆన్‌లో ఉండాలా, ఉన్న స్థితిలోనే ఆగాలా? నా ఓటు ఆన్‌కే, కరెంటు బిల్లు పోతే పోయింది. ప్యానెల్ మీద ఆటో–ఆఫ్–మాన్యువల్ స్విచ్ తప్పనిసరి. సిమ్ ఎవరి పేరు మీద, అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గర, రీడింగుల డేటా ఎవరిది, ఎన్నాళ్లు దాస్తారు, ఎక్సెల్ ఫైలుగా ఇస్తారా అన్నవి తలా ఒక లైను చాలు. రేపు నష్టం మీద తగువు వస్తే ఆ డేటాయే సాక్ష్యం, అది అవతలివాళ్ల సర్వర్‌లో మాత్రమే ఉంటే ఎలా?

ఇక్కడో తప్పు దారి ఉంది, లాయర్లు కూడా ఒక్కోసారి అటు వెళ్తారు. పనితీరునీ బాధ్యతనీ నిర్వచనంలోనే కుక్కేస్తారు. “‘డీఓ సెన్సర్’ అంటే 0.2 మిల్లీగ్రాముల తేడాతో కచ్చితంగా కొలిచే సెన్సర్, చెడిపోతే ఏడు రోజుల్లో మార్చబడును” అని. చదవడానికి బాగుంది. రేపు అది 1 మిల్లీగ్రాము తేడా చూపిస్తే? ఈ నిర్వచనం ప్రకారం అది సెన్సరే కాదు, కాబట్టి ‘సెన్సర్’ వారంటీ దానికి వర్తించదని వాదించేవాడు వాదిస్తాడు. మార్చాల్సిన బాధ్యత కూడా నిర్వచనాల పేజీలో మూల పడి ఉంటుంది. వస్తువు ఏమిటో, ఎక్కడిదాకానో నిర్వచనంలో రాయండి. అది ఎలా పనిచేయాలో అనుబంధం–2లో, చేయకపోతే ఏం చేయాలో అగ్రిమెంట్ షరతుల్లో.

మాటలు మార్చకండి. కొటేషన్‌లో ‘కిట్’, అగ్రిమెంట్‌లో ‘సిస్టమ్’, వారంటీ కార్డులో ‘డివైస్’, ఏఎంసీలో (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టులో) ‘యూనిట్’ అని ఉంటే అవి నాలుగూ ఒకటేనని మీరు రుజువు చేసుకోవాల్సి వస్తుంది. ఇంగ్లిష్ అగ్రిమెంట్లలో నిర్వచించిన మాటకి పెద్దక్షరం వేస్తారు, చదివేవాడికి వెంటనే తెలుస్తుంది. తెలుగు లిపిలో ఆ సదుపాయం లేదు కాబట్టి ఆ మాటలన్నీ బోల్డులో పెట్టించి, “బోల్డులో ఉన్న మాటలకు 1వ క్లాజులోని అర్థమే” అని ఒక లైను రాయించండి. తెలుగు, ఇంగ్లిష్ రెండు ప్రతులూ ఉంటే, తేడా వచ్చినప్పుడు ఏది చెల్లుతుందో రాయాలి. అలాగే కాగితాల మధ్య వరస: ముందు అగ్రిమెంట్, తర్వాత అనుబంధాలు, ఆ తర్వాత కొటేషన్, చివర్న బ్రోషర్.

అప్పగింత విషయానికొస్తే, సరుకు దిగడం, బిగించడం, నడిపి చూపించడం, మీరు ఒప్పుకోవడం నాలుగు వేరు వేరు రోజులు. వారంటీ ఏ రోజు నుంచి? డ్రాఫ్టులో ఇన్వాయిస్ తేదీ నుంచి అని ఉంటుంది. సీడ్ వదలడం ఆలస్యమైతే మొదటి పంటకే సగం వారంటీ అయిపోతుంది. ‘ఆమోదం’ తేదీ నుంచి అని మార్చండి. ఆ ఆమోదానికి పరీక్ష రాయండి. చెరువులో రొయ్య ఉన్నప్పుడు, డీఓ బాగా తగ్గే తెల్లవారుజామున, వరసగా మూడు రాత్రులు, ఇద్దరూ ఒప్పుకున్న చేతి మీటరుతో పోల్చాలి. తేడా ఎంతవరకు ఫర్వాలేదో ముందే అంకె వేసుకోవాలి. సెట్‌పాయింట్ లీటరుకి 4 మిల్లీగ్రాములు అనుకుంటే, ఆ గీత దాటిన ఎన్ని నిమిషాల్లో ఏరేటర్లు పైన చెప్పిన అర్థంలో ‘ఆన్’ అయ్యాయో రాసుకోవాలి. ఇలా రాయకపోతే, వస్తువుల అమ్మకం చట్టంలో 42వ సెక్షన్ ఉంది. సరుకు ఉంచుకుని, తగిన సమయంలో వద్దని చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క కడతారు.

కొనుగోలుదారు ఎవరన్నది కూడా చూసుకోండి. మీరు నలుగురు. ఒకరి పేరు మీద బిల్లు వేయించుకుంటే మిగతా ముగ్గురి చెరువుల్లో పాడైనప్పుడు అడిగే హక్కు ఎవరిది? నలుగురి పేర్లూ, ‘స్థలం’ అన్నచోట చెరువుల సర్వే నంబర్లూ రాయండి. చెరువులు కౌలువైతే, గడువు అయ్యాక ప్యానెళ్లు, కేబుళ్లు విప్పి తీసుకెళ్లే హక్కు మీదేనని భూమి యజమానితో కౌలు కాగితంలో వేరేగా రాయించుకోండి. సప్లయర్‌తో రాసుకున్నది ఆయనకి వర్తించదు. ఇంకో చెరువుకి మార్చినా వారంటీ కొనసాగుతుందని మాత్రం సప్లయర్ దగ్గర రాయించుకోవాలి.

పంట నష్టం ఎవరు భరిస్తారన్నది నిర్వచనాలతో తేలేది కాదు. పరోక్ష నష్టాలకు బాధ్యత లేదని ఏ కంపెనీ అయినా రాస్తుంది, బేరం ఆడి ఒక పరిమితి దాకా ఒప్పించుకోవాలి. వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చా అని కూడా అడిగారు. వ్యాపార అవసరానికి కొన్నది వినియోగదారుల రక్షణ చట్టం కిందకి రాదు గానీ, స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొన్నదానికి మినహాయింపు ఉంది. ఎనిమిది చెరువులు ఆ మినహాయింపులోకి వస్తాయా అన్నది మీ లాయరే చూడాలి.

ఇప్పుడు చేయాల్సింది: బొమ్మ గీసి, ఎర్ర గీతలు పెట్టి, అనుబంధం–3 మీరే రాసి కంపెనీకి పంపండి. మీ వైపు ఏర్పాట్లు మీరే ముందు ఒప్పుకుంటే మిగతాది అడగడం తేలికవుతుంది. వాళ్లు తిరిగి పంపిన అనుబంధం–1, 2 వచ్చాక ధరలు, పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి. సీటీల గురించీ, ఉప్పుశాతం సెన్సర్ గురించీ వాళ్లేమన్నారో అందులో ముందుగా చూస్తాను.